కడుపులో ఉండగా తగిలితే: అండాశయం, హార్మోన్లను చెరిచే రసాయనాలు
(స్మారక ఉపన్యాసం పూర్తి పాఠం)



ఎవరి స్మృతిలో ఈ ఉపన్యాసం జరుగుతోందో ఆ డాక్టరమ్మగారి దగ్గర పనిచేసిన జూనియర్లకు ఒక సంగతి గుర్తుండే ఉంటుంది. పేషెంటు ఎదురుగా కూర్చోగానే ఆవిడ రిపోర్టులు తీసి చూసేవారు కాదు. "మీ అమ్మకు నువ్వు ఎన్నో కాన్పువి? నువ్వు కడుపులో ఉన్నప్పుడు ఆవిడ ఏమైనా మందులు వాడిందా?" అని మొదలుపెట్టేవారు. ఓపీ బయట వందమంది కాచుక్కూర్చున్నా సరే, ఆ ప్రశ్నలు అడగందే కలం పట్టేవారు కాదు. మాకు లోలోపల విసుగ్గా ఉండేది. ఈ ఉపన్యాసానికి నేను ఎంచుకున్న విషయం ఆ ప్రశ్నలకు దగ్గరిది.

ఆడపిల్ల అండాశయం ఎలా ఉండబోతోందో చాలావరకు ఆమె తల్లి కడుపులో ఉండగానే తేలిపోతుంది. ఆ సమయంలో బయటి రసాయనం ఏదైనా హార్మోన్ వేషం వేసుకుని చొరబడితే, దాని ఫలితం ఇరవై ముప్పై ఏళ్లకు గాని బయటపడదు. అప్పటికి రసాయనం ఆనవాలు రక్తంలో మిగలదు, మందుచీటీ ఇంట్లో దొరకదు, ఒక్కోసారి ఆ తల్లే ఉండదు. నేరానికీ సాక్ష్యానికీ మధ్య ఒక తరం దూరం. అందుకే ఈ విషయంలో వైద్యమైనా చట్టమైనా ఎప్పుడూ ఆలస్యంగానే మేలుకున్నాయి.

ఎంత ఆలస్యంగా మేలుకున్నాయో చెప్పడానికి డీఈఎస్ కథను మించినది లేదు. పూర్తి పేరు డైఇథైల్‌స్టిల్బెస్ట్రాల్. 1938లో లండన్‌లో చార్లెస్ డాడ్స్ బృందం దీన్ని తయారుచేసింది. ఈస్ట్రోజెన్ చేసే పనులన్నీ చేస్తుంది, మాత్రగా మింగితే చాలు, తయారీ ఖర్చు బహుతక్కువ. దీని మీద పేటెంట్ తీసుకోకపోవడంతో ఏ కంపెనీ కావాలంటే ఆ కంపెనీ తయారుచేసుకుంది. అదే 1938లో డాడ్స్, ఆయన సహచరులే, ఇటువంటి మందులు జంతువులకు తొలిదశలో ఇస్తే గర్భం పోతుందని కూడా చూపించారు. గర్భం పోగొట్టగలదని తెలిసిన మందునే పట్టుమని పదేళ్లు తిరక్కుండా గర్భం నిలబెట్టడానికి రాయడం మొదలుపెట్టారు! బోస్టన్‌లో జార్జ్ స్మిత్, ఆలివ్ స్మిత్ దంపతుల పరిశోధన, 1948లో ఆలివ్ ప్రచురించిన పత్రం దానికి పెద్ద ఊతమిచ్చాయి. ఈ మందు గర్భాన్ని నిలబెడుతుందన్న వాళ్ల సిద్ధాంతం వినసొంపుగానే ఉంది. కానీ మాత్ర ఇచ్చినవారిని, ఇవ్వనివారిని సరిగా పోల్చి చూసింది ఎక్కడ?

పోల్చి చూసింది షికాగోలో. అక్కడ డీక్‌మన్ బృందం 840 మంది గర్భిణులకు డీఈఎస్, 806 మందికి ఉత్తుత్తి మాత్ర ఇచ్చింది. గర్భస్రావాలు తగ్గలేదని, మందు వల్ల ఏ ప్రయోజనమూ లేదని 1953లో తేల్చి చెప్పింది. అంతటితో ఆగిపోవలసిన మందు అమెరికాలో ఇంకో 18 ఏళ్లు నడిచింది. "పనిచెయ్యకపోతే పోనీ, చెరుపైతే చెయ్యదుగా" అన్న ధోరణే దీనికి మూలమని నా అనుమానం. ఆ ధోరణి మనకు పరాయిదేమీ కాదు. మన దగ్గర గర్భిణి చేతిలో కనిపించే చీటీల్లో కొన్నింటిని చదివితే నాకు షికాగోయే గుర్తొస్తుంది.

1960ల చివర బోస్టన్‌లోని ఒక ఆసుపత్రికి 15 నుంచి 22 ఏళ్ల మధ్య అమ్మాయిలు కొందరు ఒక అరుదైన యోని క్యాన్సర్‌తో వచ్చారు. ఆ వయసులో ఆ జబ్బు కనీవినీ ఎరగనిది. డాక్టర్లకు అంతుపట్టలేదు. వాళ్లలో ఒక అమ్మాయి తల్లి డాక్టర్ హోవర్డ్ అల్ఫెల్డర్‌ను అడిగింది: ఈ పిల్ల కడుపులో ఉండగా నేను స్టిల్బెస్ట్రాల్ మింగాను, దానివల్ల గాని వచ్చిందా అని. మొదట ఆయన పట్టించుకోలేదు. ఇంకో కేసు వచ్చినప్పుడు ఆ తల్లినీ అడిగి చూశారు. ఆవిడా వాడింది. ఆర్థర్ హెర్బ్‌స్ట్, అల్ఫెల్డర్, పోస్కాంజర్ ముగ్గురూ కలిసి ఎనిమిది కేసులను 32 మంది ఆరోగ్యవంతులైన అమ్మాయిలతో పోల్చారు. ఎనిమిది మందిలో ఏడుగురి తల్లులు గర్భం తొలి నెలల్లో డీఈఎస్ వాడారు. ఆ 32 మంది తల్లుల్లో ఒక్కరూ వాడలేదు. 1971 ఏప్రిల్‌లో పత్రం వెలువడింది, అదే నవంబరులో గర్భిణులకు ఈ మందు ఇవ్వవద్దని అమెరికా ప్రభుత్వ సంస్థ హెచ్చరించింది. అప్పటికి తల్లులూ పిల్లలూ కలిపి అక్కడ 50 లక్షల నుంచి కోటి మందికి ఈ మందు తగిలిందని అంచనా.

ఆ క్యాన్సర్ డీఈఎస్ కూతుళ్లలో సుమారు వెయ్యి మందిలో ఒకరికి వచ్చింది. మరీ అరుదైన జబ్బు కాబట్టే కంటపడింది. మిగతా 999 మంది సంగతి? వాళ్లను దశాబ్దాల తరబడి వెంబడించి చూసిన ఫలితాలు 2011లో అచ్చయ్యాయి. సంతానం కలగడంలో ఇబ్బంది మందు తగిలినవారిలో నూటికి 33 మందికి, తగలనివారిలో 15 మందికి పైగా. 45 ఏళ్లు రాకముందే ముట్లు ఆగిపోవడం తగిలినవారిలో 5.1 శాతం, తగలనివారిలో 1.7 శాతం. 43 ఏళ్లకే ముట్లాగిన ఆవిడ ఏ ఆసుపత్రికీ వింత కేసు కాదు. "మీ వంశంలో అంతేనేమో" అని పంపించేస్తారు. క్యాన్సర్ అనే ఆ తీగ దొరక్కపోయి ఉంటే ఈ డొంక కదిలేదే కాదు. అండాశయానికి జరిగే చెరుపు ఎప్పుడూ ఇలాగే ఉంటుంది. మామూలు జబ్బుల గుంపులో కలిసిపోతుంది.

ఇప్పుడు అండాశయం దగ్గరికి వద్దాం. బీజకణాలు నిజానికి అండాశయంలో పుట్టవు. పిండానికి మూడు నాలుగు వారాలప్పుడు సొనసంచి గోడలో కనిపిస్తాయి. అక్కడి నుంచి పేగు గోడ వెంబడి పాకుతూ వచ్చి, ఐదారు వారాలకల్లా అండాశయం ఏర్పడబోయే చోట చేరతాయి. చేరాక గుణించుకుంటూ పోతాయి. 1963లో బ్రిటన్‌కు చెందిన బేకర్, పిండాల అండాశయాలను పలుచని పొరలుగా కోసి మైక్రోస్కోపు కింద ఓపిగ్గా లెక్కపెట్టాడు. అయిదో నెలలో 68 లక్షలు తేలాయి. పుట్టేనాటికి అవి 20 లక్షలకు, ఇంకా తక్కువకు పడిపోతాయి. రజస్వల అయ్యేనాటికి మిగిలేవి మూడు నాలుగు లక్షలు. జీవితం మొత్తంలో విడుదలయ్యేవి నాలుగైదు వందలే. పెద్దయ్యాక కూడా కొత్త అండాలు పుడతాయని 2004లో ఒక వాదం బయలుదేరింది గాని, ఎక్కువమంది శాస్త్రజ్ఞులను అది ఒప్పించలేకపోయింది. కాబట్టి పిండం దశలో ఏర్పడ్డ నిల్వే నిల్వ.

ఇంకో విశేషం ఉంది. మూడో నెల నాటికే ఈ కణాలు క్షయకరణ విభజన మొదలుపెడతాయి. తల్లి నుంచి వచ్చిన క్రోమోజోమూ తండ్రి నుంచి వచ్చిన క్రోమోజోమూ జతకట్టి, ముక్కలు ఇచ్చిపుచ్చుకుని, ఉన్నవి ఉన్నట్టు ఆగిపోతాయి. ఆ విభజన మళ్లీ కదిలేది అండం విడుదలయ్యే నెలలోనే. పదిహేనేళ్లు ఆగవచ్చు, నలభై అయిదేళ్లు ఆగవచ్చు. శరీరంలో ఇంతకాలం పని సగంలో ఆపి కూర్చునే కణం మరొకటి చెప్పడం కష్టం.

మొదట్లో అండకణాలు విడివిడిగా ఉండవు, గుంపులుగా ఒకదానికొకటి అతుక్కుని ఉంటాయి. మిరప నారుమడి మీకు తెలిసినదే. ఒత్తుగా మొలిచిన నారును అదునులో పీకి, వేళ్లు విడదీసి, పాదుకొక మొక్క నాటాలి. అదును తప్పితే వేళ్లు చిక్కుపడి ఒకే పాదులో రెండు మూడు మొక్కలు పడతాయి, ఏదీ సరిగా ఎదగదు. అండాశయంలోనూ చుట్టూ ఉన్న చిన్న కణాలు గుంపులోకి చొరబడి, ఒక్కో అండకణాన్ని వేరుచేసి, దాని చుట్టూ ఒక వరస కట్టాలి. అలా కట్టినదే ఫాలికిల్. స్కానింగ్ గదిలో మీరంతా వినే మాటే. ఈ విడదీసే పనికి అదును చెప్పేవాటిలో హార్మోన్లు ముఖ్యమైనవి. ఎలుకల్లో ఇది పుట్టిన మొదటి కొద్ది రోజుల్లో జరుగుతుంది. తల్లి నుంచి అందే ఈస్ట్రోజెన్ పుట్టుకతో ఒక్కసారిగా తగ్గుతుంది, అదే గుంపు విడిపోవడానికి సైగ. సిరాక్యూస్ విశ్వవిద్యాలయంలో మెలిస్సా పెప్లింగ్ బృందం ఆ రోజుల్లోనే ఎలుక పిల్లలకు ఈస్ట్రోజెన్ గాని, అలా పనిచేసే పదార్థాలు గాని ఇచ్చి చూసింది. గుంపులు సరిగా విడిపోలేదు.

విడిపోకపోతే మైక్రోస్కోపు కింద ఏం కనబడుతుంది? ఒకే ఫాలికిల్‌లో రెండు, మూడు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ అండకణాలు. జపాన్‌లో తైసెన్ ఇగుచి 1980లలోనే, పుట్టగానే డీఈఎస్ ఇచ్చిన ఎలుకల్లో ఇది చూపించాడు. దాన్ని ప్రయోగశాల వింతగా కొట్టిపారేసినవారూ ఉన్నారు. అటువంటి వింతే అమెరికాలో ఫ్లోరిడా రాష్ట్రంలోని ఒక సరస్సులో కనబడింది. అపాప్కా సరస్సు పక్కన ఒక రసాయన కంపెనీ నుంచి 1980లో డీడీటీ కలిసిన పురుగుమందు నీళ్లలోకి పోయింది. తర్వాత అక్కడి మొసళ్ల సంఖ్య పడిపోయింది. లూయిస్ గిలెట్ ఆ సరస్సు ఒడ్డున ఏరిన గుడ్లను పొదిగించి, పిల్లలను పెంచి చూస్తే, ఆరు నెలల ఆడపిల్లల రక్తంలో ఈస్ట్రోజెన్ శుభ్రమైన సరస్సులో పుట్టినవాటికంటే దాదాపు రెట్టింపు ఉంది. వాటి అండాశయాల్లో ఒకే ఫాలికిల్‌లో పెక్కు అండకణాలు, ఒకే కణంలో పెక్కు కేంద్రకాలు కనబడ్డాయి. ఇది 1994 నాటి మాట. ఒకటి ఎలుక, ఒకటి మొసలి. వాటి పూర్వీకులు విడిపోయి 30 కోట్ల ఏళ్లు దాటింది. ఒకే చోట ఒకే రకమైన చెరుపు జరిగిందంటే, ఆ అదును ఎంత పాతదో, ఎంత సున్నితమైనదో ఊహించుకోండి. 2012లో ప్యాట్రిషియా హంట్ బృందం గర్భంతో ఉన్న రీసస్ కోతులకు గట్టి ప్లాస్టిక్ తయారీలో వాడే బిస్‌ఫినాల్-ఏ (బీపీఏ) ఇచ్చినప్పుడు పిండాల అండాశయాల్లో మళ్లీ అదే కనబడింది.

ఈ హంట్ గురించి కొంత ఆగి చెప్పాలి. 1998లో క్లీవ్‌లాండ్‌లోని తన ప్రయోగశాలలో ఆవిడ ఎలుకల అండాల్లో క్రోమోజోములు ఎలా వరసకడతాయో చూస్తోంది. ఆ పనికి బిస్‌ఫినాల్‌తో ఏ సంబంధమూ లేదు. ఏ మందూ ఇవ్వని మామూలు ఎలుకల అండాల్లో కూడా ఉన్నట్టుండి క్రోమోజోములు చెల్లాచెదురుగా కనబడసాగాయి. మామూలుగా నూటికి ఒకటి రెండు ఉండే లోపం నలభైకి చేరింది. వారాల తరబడి గాలి, మేత, పరికరాలు అన్నీ వెతికారు. చివరకు తేలిందేమంటే, ఎలుకల పంజరాలను, నీళ్ల సీసాలను ఎవరో ఘాటైన నేల కడిగే సబ్బు నీళ్లతో కడిగారు. గట్టి పారదర్శక ప్లాస్టిక్, అంటే పాలికార్బొనేట్, ఆ క్షారానికి కరిగి మసకబారింది. అందులోంచి బిస్‌ఫినాల్-ఏ ఊరి ఎలుకల నోట్లోకి పోయింది. ఆవిడ తొందరపడి ప్రకటించలేదు. కావాలనే పంజరాలను పాడుచేసి, ఆ తర్వాత కొలిచి కొలిచి రసాయనాన్ని నేరుగా ఇచ్చి, అదే లోపం వస్తుందని నిర్ధారించుకుని 2003లో ప్రచురించింది.

ఆ తర్వాతి ప్రయోగం 2007 నాటిది. ఈసారి గర్భంతో ఉన్న ఎలుకకు ఇచ్చారు. దాని కడుపులో ఉన్న ఆడపిల్ల అండాశయంలో క్రోమోజోములు జతకట్టే ఘట్టంలోనే తేడా వచ్చింది. ఆ పిల్ల పెద్దదై పిల్లల కోసం జతకట్టినప్పుడు, దాని అండాల్లో, పిండాల్లో క్రోమోజోముల సంఖ్య తప్పింది. తిన్నది అమ్మమ్మ, లెక్క తప్పింది మనవలకు. మూడు తరాలు ఒకే శరీరంలో ఉన్న రోజులవి.

దురదృష్టం హంట్‌ను వదల్లేదు, లేక అదృష్టమనాలో. వాషింగ్టన్ రాష్ట్రానికి మారి వేరే రకం ప్లాస్టిక్ పంజరాలు వాడుతున్నా, మళ్లీ మామూలు ఎలుకల ఫలితాలు చెడిపోయాయి. పంజరాల మీద తెల్లటి పూత. ఈసారి బయటికి వస్తున్నది బిస్‌ఫినాల్-ఎస్ వంటి ప్రత్యామ్నాయాలు. 2018లో అదీ అచ్చయింది. మన బజారులో "బీపీఏ ఫ్రీ" అని రాసి అమ్మే డబ్బాలను చూసినప్పుడల్లా నాకు ఆ తెల్ల పూతే కళ్ల ముందు మెదులుతుంది. పేరులో ఒక్క అక్షరం మార్చుకుని వచ్చిన పదార్థానికి మళ్లీ మొదటి నుంచి పరీక్ష పెట్టాలి. ఆ పరీక్ష ముగిసేలోపు ఒక తరం దాన్ని వాడేసి ఉంటుంది.

ఎంత మోతాదు అని అడుగుతారు. ఐరోపా ఆహార భద్రతా సంస్థ 2015లో రోజుకు కిలో శరీర బరువుకు 4 మైక్రోగ్రాముల బీపీఏ దాకా ఫరవాలేదన్నది. 2023లో దాన్ని ఇరవై వేల రెట్లు తగ్గించింది. అందుకు కారణం అండాశయం కాదు, రోగనిరోధక కణాల మీద ప్రభావం. జర్మనీ సంస్థ అంత తగ్గించనక్కర్లేదని వాదించింది. ఆ గొడవలోకి ఇప్పుడు పోను. పాలసీసాల్లో బీపీఏ ఉండకూడదని ఐరోపాలో 2011లో, మన దేశంలో 2015లో నియమం వచ్చింది. మంచిదే. కానీ ఎలుకల్లో పుట్టాక జరిగే పని మనుషుల్లో చాలావరకు తల్లి కడుపులోనే అయిపోతుంది. అండాశయం వరకే చూస్తే బిడ్డ పాలసీసా కంటే ముందు తల్లి కంచం చూడాలి. చట్టం పాలసీసా దగ్గర మొదలైంది, ఎందుకంటే సీసా కంటికి కనబడుతుంది.

ఇక్కడ ఒక హెచ్చరిక. పీసీఓఎస్ అనే అండాశయ సమస్య అంతా ప్లాస్టిక్ వల్లేనని వాట్సాప్‌లో తిరిగే వీడియోలను నమ్మకండి. ఆ మాట అనగలిగేంత ఆధారం మనుషుల్లో లేదు. ఉన్నది గొర్రెల్లో ఉంది. గొర్రె పిల్లకు కూడా మనలాగే పుట్టకముందే ఫాలికిళ్లు ఏర్పడతాయి. మిషిగన్ విశ్వవిద్యాలయంలో వసంత పద్మనాభన్ బృందం ఏళ్ల తరబడి గొర్రెల మందను సాకి, చూడితో ఉన్న గొర్రెలకు 30వ రోజు నుంచి 90వ రోజు దాకా టెస్టోస్టెరాన్ ఇచ్చింది. పుట్టిన ఆడపిల్లల అండాశయాల్లో ఎదిగీ ఎదగని ఫాలికిళ్లు పేరుకున్నాయి, ఎదకు వచ్చే లయ తప్పింది, త్వరగానే చూలు నిలవడం మానేసింది. పీసీఓఎస్ లక్షణాలకు చాలా దగ్గర. కడుపులో ఉన్నప్పటి హార్మోన్ తేడా ఇటువంటి అండాశయాన్ని తయారుచేయగలదని ఇది చెబుతుంది. మన ఇంటి పక్క అమ్మాయికి వచ్చినది దానివల్లే అని చెప్పదు. ఆమె బరువు, తిండి, కుటుంబ చరిత్ర, నిద్ర అన్నీ లెక్కలోకి రావాలి. గర్భంతో ఉన్న కోడలికి వేడి సాంబారు ప్లాస్టిక్ కవర్లో తేవద్దని చెప్పండి, చాలు. డబ్బాలన్నీ పారేయించి ఆమెను భయపెట్టకండి.

మనుషుల్లో సాక్ష్యం ఎలా దొరుకుతుంది మరి? పుట్టబోయే ఆడపిల్ల అండాశయాన్ని కోసి చూడలేం. ఎవరైనా ముందుచూపుతో తల్లి రక్తం దాచి ఉంచితే తప్ప దారి లేదు. కాలిఫోర్నియాలోని ఓక్‌లాండ్‌లో 1959 నుంచి 1967 దాకా ప్రసవించిన వేలమంది తల్లుల రక్తం అలా దాచారు. దాచినవారు డీడీటీ గురించి ఆలోచించి దాచలేదు. తర్వాత బార్బరా కోన్ ఆ సీసాలు తెరిచింది. 289 మంది కూతుళ్లు పెద్దవాళ్లయి గర్భం కోసం ఎన్ని నెలలు చూశారో లెక్కగట్టి, తల్లుల రక్తంతో పోల్చింది. తల్లి రక్తంలో లీటరుకు ప్రతి 10 మైక్రోగ్రాముల డీడీటీకి కూతురికి నెలలో గర్భం నిలిచే అవకాశం 32 శాతం తగ్గింది. విచిత్రమేమంటే, డీడీటీ విరిగి ఏర్పడే డీడీఈ అనే పదార్థం ఎక్కువైతే ఆ అవకాశం 16 శాతం పెరిగింది. ఒకటి ఈస్ట్రోజెన్‌లా పనిచేస్తుంది, ఇంకొకటి పురుష హార్మోన్‌కు అడ్డుపడుతుంది. అందుకని "విషం" అని ఒకే గాటన కట్టేస్తే సైన్సు అర్థం కాదు.

సరిగ్గా ఆ ఏళ్లలోనే మలేరియా నిర్మూలన కార్యక్రమం కింద మన పల్లెల్లో ఇంటింటికీ వచ్చి డీడీటీ కొట్టారు. ఇక్కడున్న పెద్దలకు గోడల మీద తెల్లటి చారలు, ఆ వాసన గుర్తుండే ఉంటాయి. మలేరియాకు అది ఎన్నో ప్రాణాలు కాపాడింది, కాదనను. సాగులో డీడీటీని 1989లో ఆపారు. ఆ ఇళ్లల్లో ఆ రోజుల్లో పుట్టిన ఆడపిల్లలకు ఇవాళ అరవై అటూ ఇటూ ఉంటాయి. వాళ్ల తల్లుల రక్తం ఓక్‌లాండ్‌లో మాదిరిగా సీసాల్లో ఉండి ఉంటే, ఇవాళ నేను గొర్రెల గురించి కాకుండా మన అక్కచెల్లెళ్ల గురించే మాట్లాడేవాణ్ని.

ఇప్పటి సంగతి చూద్దాం. గద్వాల వైపు సీడ్ పత్తి చేలల్లో క్రాసింగ్ పని ఎలా జరుగుతుందో చూసినవారున్నారా? సాయంత్రం ఒక్కో మొగ్గను వేళ్లతో గిల్లి, రేకులూ కేసరాలూ తీసేయాలి. మర్నాడు పొద్దున్నే మగ పువ్వు తెచ్చి పుప్పొడి రుద్దాలి. సన్నని వేళ్లు, తక్కువ కూలి కావాలి గనుక ఏళ్ల తరబడి ఈ పనికి ఎక్కువగా ఆడపిల్లలను పెట్టుకున్నారు. మందు కొట్టిన చేనులో మొక్క వాళ్ల నడుముకో ఛాతీకో తగులుతూ ఉంటుంది. 2011లో సుప్రీంకోర్టు ఆపేదాకా వాడిన పురుగుమందుల్లో ఎండోసల్ఫాన్ ఒకటి. దానికి ఈస్ట్రోజెన్‌లా ప్రవర్తించే గుణం ఉందని ప్రయోగశాలలు 1990లలోనే చెప్పాయి. క్రాసింగ్‌కు వెళ్లిన పిల్లే నాలుగైదేళ్లకు కడుపుతో అదే చేనుకు కలుపు తీయడానికి వస్తుంది.

ఆమె చేతిలో తల్లీబిడ్డల సంరక్షణ కార్డు ఉంటుంది. బరువు, బీపీ, హిమోగ్లోబిన్, ఇంజెక్షన్లు, ఐరన్ మాత్రలు అన్నిటికీ గడులున్నాయి. ఆమె ఏ పని చేస్తోందో, ఏ చేనులో, ఆ వారం అక్కడ కొట్టిన మందు డబ్బా మీద పేరేమిటో రాయడానికి గడి లేదు. ఏఎన్ఎం రాయడానికి రెండు నిమిషాలు చాలు. మందు పేరు ఆమెకు తెలియకపోతే డబ్బా ఫోటో తీయవచ్చు, ఇప్పుడు అందరి చేతిలోనూ ఫోనే కదా. హిమోగ్లోబిన్ కోసం ఎలాగూ సూది గుచ్చుతున్నాం. ఆమె ఒప్పుకుంటే ఇంకో రెండు మిల్లీలీటర్లు తీసి బోధనాసుపత్రి డీప్ ఫ్రీజర్‌లో దాచడం అసాధ్యమైన పనేమీ కాదు. గద్వాల జిల్లాలో ఒక మండలం, మిరప ఎక్కువగా వేసే గుంటూరు జిల్లాలో ఒక మండలం తీసుకుంటే మొదలుపెట్టడానికి సరిపోతుంది. కార్డులు కాన్పయ్యాక పారేయకుండా కాపీ తీసి ఉంచే ఏర్పాటు మాత్రం ముందు జరగాలి. అడగవలసిన ప్రశ్నల నమూనా నేను తయారుచేసి ఉంచాను, ఒకటిన్నర పేజీ. కమ్యూనిటీ మెడిసిన్ విభాగాల వాళ్లు ఇక్కడ కొందరు కనబడుతున్నారు. సభ అయ్యాక వెళ్లిపోకండి, కాపీలు ఇస్తాను. ఇక ప్రశ్నలుంటే అడగండి.